రాత్రంతా తానే చిత్రాలు తీసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్: సీరియల్‌ఈఎంతో తొలి స్లాట్‌కు సిద్ధమయ్యే విధానం

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి జీవశాస్త్ర పరిశోధనలోకి వచ్చిన తెలుగు విద్యార్థులు నన్ను తరచుగా ఒక మాట అడుగుతుంటారు. దూరపు నగరంలో ఉన్న క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ (అతిశీతలంగా గడ్డకట్టించిన నమూనాలను చూసే యంత్రం) మీద ఒక రాత్రి స్లాట్ దొరికిందని, చిత్రాలన్నీ కంప్యూటరే తీస్తుందని అక్కడివారు చెప్పారని, అలాంటప్పుడు తాము చేయవలసింది ఏముంటుందని వారి సందేహం. ఈ వ్యాసం వారి కోసమే రాస్తున్నాను. కంప్యూటర్ రాత్రంతా నమూనాను మోసే స్టేజిని జరుపుతుంది, చూడవలసిన చోటును వెదికి పట్టుకుంటుంది, ఫోకస్ సరిచేస్తుంది, చిత్రం తీసి దాచిపెడుతుంది. అయితే ఏ చోటు చూడాలో, ఎంత మోతాదు ఎలక్ట్రాన్లు వాడాలో, ఏ కొలత తప్పితే ఆగాలో సాయంత్రమే మనం చెప్పి ఉంచాలి. ఆ సాయంత్రపు మూడు నాలుగు గంటల పనిని వరుసగా వివరించడమే ఇక్కడ నా ఉద్దేశం.

ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్లలో నాలుగింటి పేర్లు మీకు తరచుగా వినబడతాయి. అమెరికాలో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాస్ట్రోనార్డ్ రాసిన సీరియల్‌ఈఎం మొదట టోమోగ్రఫీ కోసం, అంటే నమూనాను కొద్దికొద్దిగా వంచుతూ ఒకే చోటును అనేక కోణాల నుంచి చిత్రించడం కోసం పుట్టింది. అంతవరకు జరిగిన కదలికలను బట్టి తర్వాతి వంపులో నమూనా ఎటు జరుగుతుందో ముందుగా లెక్కగట్టే దాని పద్ధతిని ఆయన 2005లో వివరంగా ప్రచురించారు. మొదట ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, తర్వాత స్క్రిప్స్ పరిశోధన సంస్థలో బ్రిడ్జెట్ కారగర్, క్లింటన్ పాటర్‌ల బృందం రూపొందించిన లెజినాన్ గురించిన వ్యాసం 2000లో వెలువడింది. ప్రతి చిత్రాన్నీ, దాన్ని తీసిన ప్రతి సెట్టింగ్‌నూ డేటాబేస్‌లో దాచడం దాని ప్రత్యేకత. థర్మో ఫిషర్ సంస్థ తన యంత్రాలతో ఇచ్చేది ఈపీయూ, గటాన్ సంస్థ తన కెమెరాలతో ఇచ్చేది లాటిట్యూడ్. తొలిసారి కూర్చునేవారికి ఈపీయూ సులభంగా ఉంటుందన్నది నిజమే. అయినా నేర్చుకోవడానికి సీరియల్‌ఈఎం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఏ అంచెనూ తెర వెనుక దాచదు. ఇక్కడ నేర్చుకున్నవారు ఈపీయూ ముందు కూర్చున్నా లోపల ఏం జరుగుతున్నదో గ్రహించగలరు. పైగా అది ఉచితంగా దొరుకుతుంది, వేర్వేరు తయారీదారుల యంత్రాలను నడుపుతుంది.

ఇంటి దగ్గర సాధన

మన ప్రాంతం వారికి సీరియల్‌ఈఎం వల్ల కలిగే అసలు మేలు మరొకటి ఉంది. మైక్రోస్కోప్ గానీ కెమెరా గానీ లేకుండానే దాన్ని మామూలు విండోస్ లాప్‌టాప్‌లో స్థాపించుకోవచ్చు. ప్రాపర్టీస్ ఫైలులో మైక్రోస్కోప్ లేదనీ కెమెరా లేదనీ రెండు పంక్తులు రాస్తే చాలు, ప్రోగ్రాం తెరుచుకుంటుంది. ఇంతకుముందు ఆ యంత్రం మీద పనిచేసిన సీనియర్‌ను అడిగి వారి నావిగేటర్ ఫైలును (మ్యాపులనూ గుర్తించిన చోట్లనూ దాచే ఫైలు), దానికి చెందిన మ్యాప్ చిత్రాలను తెచ్చుకుంటే, మ్యాప్ తెరవడం, దాని మీద బిందువులు గుర్తించడం, బహుభుజి గీయడం, రంధ్రాలను ప్రోగ్రాం చేతనే గుర్తింపజేయడం వంటి పనులన్నీ పర్లాకిమిడిలోని మీ ఇంటి వరండాలో కూర్చుని సాధన చేయవచ్చు. స్లాట్‌కు ముందు కనీసం నాలుగు సాయంత్రాలు ఇలా గడపమని నా గట్టి సలహా. మెనూలు ఎక్కడున్నాయో వెదుక్కోవడానికి యంత్రపు గంటలను ఖర్చు చేయడం చాలా పెద్ద నష్టం.

స్లాట్ ముందురోజు ఆపరేటర్ గారితో ఒకసారి మాట్లాడి మూడు సంగతులు తెలుసుకోండి: మీరు వాడబోయే మాగ్నిఫికేషన్‌లో కొలిచి నిర్ధారించిన పిక్సెల్ పరిమాణం ఎంత, కెమెరా గెయిన్ రిఫరెన్స్ (పిక్సెళ్ళ స్పందనలోని తేడాలను సరిచేసే చిత్రం) ఎప్పుడు తీశారు, ఇమేజ్ షిఫ్ట్, స్టేజి క్యాలిబ్రేషన్లు ఆ మాగ్నిఫికేషన్‌కు ఉన్నాయా లేవా. నమూనాను పట్టుకునేది తానే నమూనాలను మార్చుకునే ఆటోలోడర్ ఉన్న యంత్రమా, పక్కనుంచి దూర్చే హోల్డరా అన్నది కూడా అడగాలి. పక్కనుంచి దూర్చే క్రయో హోల్డర్‌కు ప్రతి కొన్ని గంటలకూ మనిషే ద్రవ నైట్రోజన్ నింపాలి కాబట్టి, మనిషి లేకుండా రాత్రంతా నడపడం అక్కడ కుదరదు.

స్టేజి, ఇమేజ్ షిఫ్ట్: ఈ రెండూ అర్థమైతే సగం పని అయినట్టే

నమూనా గ్రిడ్ 3 మిల్లీమీటర్ల వెడల్పున్న లోహపు జల్లెడ. దాని గళ్ళలో ప్రతి దానిమీదా సన్నని కార్బన్ పొర, ఆ పొరలో వరుసగా రంధ్రాలు, రంధ్రాలలో మన ప్రోటీన్‌ను పట్టుకున్న గాజులాంటి మంచు ఉంటాయి. ఆర్ 1.2/1.3 అనే రకంలో రంధ్రం వ్యాసం 1.2 మైక్రాన్లు, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఎడం 1.3 మైక్రాన్లు, అంటే ఒక రంధ్రం నడిమి నుంచి పక్కదాని నడిమికి 2.5 మైక్రాన్లు. గ్రిడ్‌ను భౌతికంగా కదిలించేది స్టేజి. అది ఎంత దూరమైనా పోగలదు గానీ, చెప్పిన చోటికి కచ్చితంగా పోదు. మైక్రాన్ అటూ ఇటూ ఆగుతుంది, ఆగిన తర్వాత కూడా కొంతసేపు మెల్లగా జారుతూ ఉంటుంది. ఇమేజ్ షిఫ్ట్ అంటే గ్రిడ్‌ను కదపకుండా అయస్కాంత కటకాల దగ్గరి కాయిల్స్‌తో ఎలక్ట్రాన్ బీమ్‌నూ చిత్రాన్నీ పక్కకు జరపడం. అది చాలా కచ్చితం, చాలా వేగం, కానీ కొద్ది మైక్రాన్ల దూరానికే పరిమితం. స్టేజి దగ్గరగా తీసుకుపోతుంది, ఇమేజ్ షిఫ్ట్ సరిగ్గా చోటులో నిలుపుతుంది. సీరియల్‌ఈఎంలోని ప్రతి ఏర్పాటూ ఈ రెండింటి పొత్తు మీదనే ఆధారపడి ఉంది.

ఆ పొత్తును కుదిర్చేది ‘రియలైన్ టు ఐటమ్’ అనే చర్య. మీరు ఒక మ్యాప్ మీద బిందువు గుర్తించినప్పుడు, ఆ బిందువు స్థానంతో పాటు అది ఏ మ్యాప్ మీద ఉన్నదో కూడా నావిగేటర్ గుర్తుంచుకుంటుంది. రాత్రి అక్కడికి చేరగానే ప్రోగ్రాం ఒక చిత్రం తీసి, మ్యాప్‌లోని అదే భాగంతో పోల్చి, ఎంత తేడా ఉందో లెక్కించి సరిచేస్తుంది. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. రంధ్రాల వరుస ఒకే తీరుగా మళ్ళీ మళ్ళీ వచ్చే నమూనా కాబట్టి, స్టేజి పొరపాటు రెండు రంధ్రాల నడుమ దూరంలో సగాన్ని, అంటే 1.25 మైక్రాన్లను మించితే, పోలిక పక్క రంధ్రంతో కుదిరి అదే సరైన చోటని ప్రోగ్రాం నమ్ముతుంది. ఒక్క రంధ్రం జరిగితే ఏమవుతుందిలే అనిపించవచ్చు. కానీ ఒక గుంపు అటు జరిగి, పక్క గుంపు తన చోటనే ఉంటే, రెండు గుంపుల సరిహద్దులోని రంధ్రాలకు రెండు సార్లు ఎలక్ట్రాన్లు తగులుతాయి. రెండోసారి తీసిన చిత్రం చూడటానికి బాగానే ఉంటుంది, అందులోని ప్రోటీన్ మాత్రం అప్పటికే దెబ్బతిని ఉంటుంది. అందువల్ల మొదటి పోలికను గడి అంచులు, చిరుగులు, మంచు మచ్చలు కనిపించే తక్కువ మాగ్నిఫికేషన్ మ్యాప్‌తో జరపాలి. ఆ తర్వాతనే రంధ్రాలు మాత్రమే కనిపించే దగ్గరి చిత్రంతో సరిచూడాలి.

మాగ్నిఫికేషన్ మారినప్పుడు చిత్రం నడిమి భాగం కూడా మారుతుంది. బాగా తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఆబ్జెక్టివ్ కటకం దాదాపు పనిచేయదు కాబట్టి అక్కడి చిత్రానికీ ఎక్కువ మాగ్నిఫికేషన్ చిత్రానికీ స్థానంలో, తిరుగుడులో తేడా ఉంటుంది. ఏదైనా స్పష్టమైన మచ్చను ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో సరిగ్గా నడిమికి తెచ్చి, అదే మచ్చను తక్కువ మాగ్నిఫికేషన్ మ్యాప్‌లో గుర్తించి, ‘షిఫ్ట్ టు మార్కర్’ ఆదేశంతో ఈ తేడాను ఒకసారి సరిచేసుకోవాలి. ఈ పనికి పట్టేది ఐదు నిమిషాలు. ఇది చేయకపోతే మ్యాప్ మీద మీరు ఎంచిన రంధ్రం ఒకటి, కెమెరాకు చిక్కే చోటు మరొకటి అవుతాయి.

సాయంత్రపు పని వరుస

మొదట గ్రిడ్ మొత్తానికీ వంద రెట్ల దగ్గరి మాగ్నిఫికేషన్‌తో ముక్కలు ముక్కలుగా చిత్రాలు తీసి కలిపిన మ్యాప్ ఒకటి తయారు చేయాలి. ఆ స్థాయిలో ఆబ్జెక్టివ్ ఎపర్చర్ (కటకం దగ్గరి చిన్న రంధ్రమున్న పలక) చూపుకు అడ్డువస్తుంది కాబట్టి దాన్ని తీసివేస్తారు. తిరిగి పెట్టడం మరిచిపోయిన రాత్రులు చాలామంది జీవితంలో ఉన్నాయి, అందుకని తీసిన క్షణమే ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ తెరకు అంటించండి. ఆపరేటర్ గారి చేత తీయిస్తుంటే, తిరిగి పెట్టారా అని రాత్రి మొదలుపెట్టేముందు మరొకసారి అడగండి.

మ్యాప్ వచ్చిన తర్వాత గళ్ళను ఎంచడం పూర్తిగా మనిషి కంటి పని, ఇందులో తొందర పనికిరాదు. నల్లగా ఉన్న గడిలో మంచు మందం ఎక్కువ, తళతళలాడే గడిలో మంచు లేకనే పోవచ్చు, మిగతావి మధ్యస్థంగా ఉంటాయి. ఒకే రకపు పది గళ్ళను ఎంచుకోవడం కంటే, మందంలో తేడా ఉన్న మూడు గళ్ళను ముందు ఎంచి, ఒక్కొక్కదానిలో రెండు మూడు రంధ్రాలను పూర్తి మాగ్నిఫికేషన్‌లో తీసి చూడాలి. ప్రోటీన్ కణాలు మంచు పలుచగా ఉన్నచోట ఉన్నాయా, అంచులకు తోసుకుపోయాయా, ఒకదానిమీద ఒకటి పడ్డాయా అన్నది ఆ చిత్రాలే చెబుతాయి. సాధారణంగా 20 నుంచి 50 నానోమీటర్ల మంచు మంచిది, 100 దాటితే ఆశ తగ్గుతుంది. కానీ పెద్ద ప్రోటీన్ సముదాయాలు పలుచని మంచులో నిలవవు, వాటికి కొంచెం మందమైన గడే మేలు. ఈ పరీక్ష తర్వాతనే మిగతా గళ్ళను గుర్తించండి.

గడి గడికీ ఎత్తు సరిచేయడం తర్వాతి పని. గ్రిడ్ ఎక్కడా సమతలంగా ఉండదు. ప్రతి గడీ వంపు అక్షం ఉన్న ఎత్తులోనే ఉండాలి, దానినే యూసెంట్రిక్ ఎత్తు అంటారు. దీనిని ప్రోగ్రాం స్టేజిని కొద్దిగా వంచి, చిత్రం పక్కకు ఎంత జరిగిందో చూసి కనుగొంటుంది. ఎత్తు 10 మైక్రాన్లు తప్పి ఉంటే 10 డిగ్రీల వంపులో నమూనా 1.7 మైక్రాన్లు పక్కకు జరుగుతుంది, అంటే ఒక రంధ్రం వ్యాసం కన్నా ఎక్కువ. వంపు లేకుండా చిత్రాలు తీసేటప్పుడు కూడా ఎత్తు తప్పితే ఫోకస్ పరిధి దాటిపోతుంది, అసలు మాగ్నిఫికేషన్‌కూ తేడా వస్తుంది. ప్రతి గడి మ్యాప్ తీయడానికి ముందు యూసెంట్రిక్ ఎత్తు కనుగొనేటట్లు ‘అక్వైర్ ఎట్ ఐటమ్స్’ పట్టికలో ఆ ఎంపికను టిక్ చేసి వదిలితే, ఇరవై గళ్ళకు ఎత్తూ మ్యాపూ రెండూ మీరు భోజనం చేసి వచ్చేలోపు సిద్ధంగా ఉంటాయి.

లో డోస్ ఏర్పాటు

క్రయో నమూనాకు ఎలక్ట్రాన్లే కళ్ళు, ఎలక్ట్రాన్లే గొడ్డలి. అందుకే లో డోస్ పద్ధతిలో నాలుగు స్థితులను విడివిడిగా అమర్చుతారు. వ్యూ స్థితిలో తక్కువ మాగ్నిఫికేషన్, అతి తక్కువ మోతాదు, కాంట్రాస్ట్ కోసం ఎక్కువ డీఫోకస్ (కావాలని ఫోకస్ తప్పించడం) ఉంటాయి. రికార్డ్ స్థితిలో అసలు చిత్రం తీస్తారు. ఫోకస్, ట్రయల్ స్థితులు రికార్డ్ మాగ్నిఫికేషన్‌లోనే, కానీ పక్కకు జరిగిన చోట పనిచేస్తాయి. రికార్డ్ చోటుకు దాని చిత్రం తీసే క్షణం వరకు గట్టి బీమ్ తగలకూడదన్నదే ఇందులోని మూలసూత్రం.

ఫోకస్ చోటు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, నా అనుభవంలో అత్యధిక నష్టం చేసింది అదే. ప్రోగ్రాం సహజంగా ఈ చోటును వంపు అక్షం వెంబడి ఉంచుతుంది. రంధ్రాల వరుస మాత్రం గ్రిడ్ ఏ కోణంలో కూర్చుందో దాన్ని బట్టి ఎటైనా తిరిగి ఉండవచ్చు. నా మొదటి రాత్రి నేను దూరాన్ని మాత్రమే చూసుకున్నాను, దిశను చూసుకోలేదు. తొమ్మిది రంధ్రాల ప్రతి గుంపులోనూ ఒక రంధ్రం మీద, దాని చిత్రం తీయడానికి ముందే, ఫోకస్ కోసం వాడిన బీమ్ పూర్తిగా పడింది. ఆ సంగతి మూడు వారాల తర్వాత, బరంపురంలో లెక్కలు చేస్తున్నప్పుడు, తొమ్మిదింటిలో ఒకే స్థానపు చిత్రాలు ఎప్పుడూ మిగతావాటికన్నా బలహీనంగా ఉండడం చూసి గ్రహించాను. నమూనా మళ్ళీ శుద్ధి చేయడానికి మాకు ఐదు నెలలు పట్టింది. మీరు ఇలా చేయండి: వ్యూ చిత్రం తీసి, రికార్డ్, ఫోకస్ చోట్ల వృత్తాలను ప్రోగ్రాం దాని మీద చూపేటట్లు పెట్టి, నాలుగు రంధ్రాల నడిమి కార్బన్ మీదికి ఫోకస్ వృత్తం వచ్చేవరకు దూరాన్నీ దిశనూ రెండింటినీ మార్చండి. ఆర్ 1.2/1.3 గ్రిడ్‌లో ఆ నడిమి బిందువు నుంచి ప్రతి రంధ్రం అంచుకూ దాదాపు 1.17 మైక్రాన్ల దూరం ఉంటుంది కాబట్టి, ఒక మైక్రాన్‌కు లోపు వ్యాసమున్న బీమ్ హాయిగా ఇముడుతుంది.

ఆటోఫోకస్ ఎలా పనిచేస్తుందో కూడా తెలిసి ఉండాలి. బీమ్‌ను కొద్దిగా ఒకవైపు, తర్వాత మరొకవైపు వంచి రెండు చిత్రాలు తీస్తే, ఫోకస్ తప్పిన మేరకు అవి ఒకదానికొకటి జరిగి కనిపిస్తాయి. రెండు వంపుల తేడా 6 మిల్లీరేడియన్లు, డీఫోకస్ 2 మైక్రాన్లు అయితే జరుగుడు 12 నానోమీటర్లు. పిక్సెల్ 1 ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటరులో పదోవంతు) అయితే అది 120 పిక్సెళ్ళు. ఈ లెక్క చేతిలో ఉంటే, ఫోకస్ కుదరనప్పుడు తప్పు మంచులో ఉందో, క్యాలిబ్రేషన్‌లో ఉందో సులభంగా తేల్చుకోవచ్చు. ఖాళీ రంధ్రం మీద కన్నా కార్బన్ మీద ఇది ఎప్పుడూ నమ్మదగినది.

మోతాదు లెక్కను కాగితం మీద స్వయంగా వేయండి, ప్రోగ్రాం చూపే అంకెను దానితో సరిచూడండి. కెమెరాలో ఒక్కొక్క పిక్సెల్‌కు సెకనుకు 10 ఎలక్ట్రాన్లు పడుతున్నాయని, నమూనా మీద పిక్సెల్ వెడల్పు 0.8 ఆంగ్‌స్ట్రామ్ అని అనుకుందాం. పిక్సెల్ వైశాల్యం 0.64 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు, కాబట్టి చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు సెకనుకు దాదాపు 15.6 ఎలక్ట్రాన్లు. ప్రోటీన్ కణాల పనిలో సాధారణంగా వాడే 50 ఎలక్ట్రాన్ల మోతాదు రావడానికి 3.2 సెకన్లు పడుతుంది. దాన్ని 40 ఫ్రేములుగా, అంటే వరుసగా తీసిన చిన్న చిత్రాలుగా విభజిస్తే ఒక్కొక్క ఫ్రేముకు 1.25 ఎలక్ట్రాన్లు. నమూనా కొలతలో పిక్సెల్ వెడల్పును వర్గం చేయడం మరిచిపోయి లెక్క తప్పినవారిని నేను చూశాను, దయచేసి అక్కడ జాగ్రత్త పడండి.

బీమ్ వ్యాసం కూడా ఈ సమయంలోనే నిర్ణయించాలి. గటాన్ సంస్థ కే3 కెమెరాలో 5760 × 4092 పిక్సెళ్ళు ఉంటాయి. పిక్సెల్ 0.83 ఆంగ్‌స్ట్రామ్ అయితే కెమెరాకు కనిపించే చోటు సుమారు 0.48 × 0.34 మైక్రాన్లు, కర్ణం దాదాపు 0.59. అంటే 0.7 మైక్రాన్ల బీమ్ సరిపోతుంది. 1.2 మైక్రాన్ల రంధ్రంలో అలాంటివి ఒకదానితో ఒకటి తాకకుండా ఒకటికి మించి పట్టించడం కష్టం. 2 మైక్రాన్ల రంధ్రమైతే నాలుగు తీయవచ్చు.

ఒక విడిదిలో అనేక రంధ్రాలు

స్టేజి కదలి నిలకడగా ఆగడానికే ఎక్కువ కాలం ఖర్చవుతుంది కాబట్టి, ఒక చోట ఆగినప్పుడు ఇమేజ్ షిఫ్ట్‌తో చుట్టూ ఉన్న రంధ్రాలన్నింటినీ తీయడం ఇప్పటి పద్ధతి. ప్రతి విడిదికి కదలిక, పోలిక, ఫోకస్, నిలకడ కలిపి రెండు నిమిషాలు, ఒక్కొక్క చిత్రానికి ఎనిమిది సెకన్లు పడతాయనుకుంటే, విడిదికి ఒక్క చిత్రం చొప్పున 12 గంటలలో 337 చిత్రాలు వస్తాయి. అదే విడిదికి తొమ్మిది చొప్పున తీస్తే 2025 వస్తాయి. ‘మల్టీషాట్’ పట్టికలో మూడు అడ్డం, మూడు నిలువు గుంపును ఎంచి, రంధ్రాల నడుమ దూరాన్నీ దిశనూ ఆ గ్రిడ్ మీదనే కొలిచి ఇవ్వాలి. నిన్నటి గ్రిడ్ అంకెలు నేటి గ్రిడ్‌కు సరిపోవు.

దీనికొక ఖరీదు ఉంది. బీమ్ నడిమి నుంచి పక్కకు పోయినకొద్దీ అది కటకంలోకి కొద్దిగా వాలి ప్రవేశిస్తుంది, దానివల్ల కోమా అనే దోషం ఏర్పడుతుంది. మూడు మూళ్ళ గుంపులో మూలనున్న రంధ్రం నడిమికి 3.5 మైక్రాన్ల దూరంలో ఉంటే, ఐదు ఐదుల గుంపులో అది 7 మైక్రాన్లు దాటుతుంది. ఇమేజ్ షిఫ్ట్‌కు తగినట్లు కోమాను సరిచేసే క్యాలిబ్రేషన్ ప్రోగ్రాంలో ఉంది. అది ఆ యంత్రం మీద జరిగిందో లేదో తెలుసుకుని, మల్టీషాట్‌లో దాన్ని వాడమని తప్పక టిక్ చేయండి. తొలిసారి వచ్చినవారు మూడు మూళ్ళతోనే ఆగడం మంచిదని నేను చెబుతాను. ఏ చిత్రం గుంపులో ఏ స్థానానిదో ఫైలు పేరులో చేరేటట్లు పెట్టుకుంటే, తర్వాత చిత్రాలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ రెలియాన్‌లో ఒక్కొక్క స్థానాన్నీ వేరే గుంపుగా చూసి మిగిలిన దోషాన్ని లెక్కలోనే తీసివేయవచ్చు. నా తొలి రాత్రి పొరపాటు దొరికింది కూడా ఆ ఫైలు పేర్ల వల్లనే.

డీఫోకస్‌ను ఒకే అంకె మీద ఉంచకూడదు. 0.8 నుంచి 2 మైక్రాన్ల వరకు 0.2 చొప్పున మారుతూ పోయేటట్లు పెట్టండి, ఎందుకంటే ప్రతి డీఫోకస్‌లోనూ కొన్ని సూక్ష్మ వివరాలు చిత్రంలో పూర్తిగా మాయమవుతాయి, వేర్వేరు డీఫోకస్‌లు ఒకదాని లోటును మరొకటి పూరిస్తాయి. డ్రిఫ్ట్ (స్టేజి జారుడు) ఒక హద్దుకు తగ్గేవరకు ఆగి తర్వాతనే చిత్రం తీయాలని, నైట్రోజన్ నింపేటప్పుడు పని నిలపాలని, పోలిక విఫలమైన చోటును వదిలి తర్వాతిదానికి పోవాలని కూడా ‘అక్వైర్ ఎట్ ఐటమ్స్’లోనే చెప్పవచ్చు. పని పూర్తయ్యాక కాలమ్ వాల్వులు మూయాలన్న ఎంపికను మరవకండి.

ఇక మొదలుపెట్టండి, కానీ లేవకండి. మా వీధిలో పట్టు నేసే పెద్దలు కొత్త పడుగు మీద మొదటి జానెడు నేసి, మగ్గం ఆపి, వేళ్ళతో తడిమి చూసేవారు. వదులు పోగు ఉంటే అక్కడే తెలిసేది. మొదటి ఇరవై చిత్రాలను అలాగే చూడాలి. మోషన్‌కార్2తో కదలికను సరిచేసి, సీటీఎఫ్ఫైండ్‌తో ప్రతి చిత్రానికీ డీఫోకస్, వలయాల హద్దు (చిత్రంలో ఎంత సూక్ష్మ వివరం వరకు అందుతోందో) కొలవండి. కొలిచిన డీఫోకస్ మీరు అడిగినదానికి దగ్గరగా ఉందా, తొమ్మిది స్థానాలలో ఏదైనా ఒకటి మాటిమాటికీ బలహీనంగా ఉందా, బీమ్ అంచు చిత్రంలో కనిపిస్తోందా, రంధ్రం నడిమికే తగులుతున్నామా అని చూడండి. ఈ నలభై నిమిషాలు వృథా అనిపించినా, పన్నెండు గంటల పనిని కాపాడేవి ఇవే.

టోమోగ్రఫీకి వచ్చినవారికి ఒకటి రెండు మాటలు. −60 నుంచి +60 డిగ్రీల వరకు 3 డిగ్రీల చొప్పున వంచితే 41 చిత్రాలు వస్తాయి. మొత్తం మోతాదు 120 ఎలక్ట్రాన్లు అనుకుంటే ఒక్కొక్కదానికి దాదాపు 2.9. నమూనా చెడకముందే తక్కువ వంపు చిత్రాలు తీయడానికి సున్న నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ మార్చిమార్చి పోయే పద్ధతిని హాగెన్, వాన్, బ్రిగ్స్ 2017లో ప్రచురించారు. 60 డిగ్రీల వద్ద మంచు రెట్టింపు మందంగా కనిపిస్తుంది గనుక, పలుచని నమూనాతోనే ఇది సాగుతుంది. ఒకే విడిదిలో అనేక చోట్ల ఈ వంపు చిత్రాలను కలిపి తీయడానికి పేస్‌టోమో అనే పైథాన్ స్క్రిప్ట్ సీరియల్‌ఈఎం లోపలే నడుస్తుంది. అయితే మామూలు పద్ధతిలో కనీసం రెండు మూడు సార్లు తీసిన తర్వాతనే దాని జోలికి పోవాలి.

మన ఊరి నుంచి నడిపేటప్పుడు

చాలా కేంద్రాలలో గ్రిడ్‌ను ఆపరేటర్ గారు ఎక్కించాక, మిగతా పనిని మన ఇంటి నుంచి దూరపు తెర ద్వారా చేయనిస్తారు. గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, మన దగ్గర కరెంటు పోయినా, నెట్ పోయినా అక్కడి యంత్రం ఆగదు. సీరియల్‌ఈఎం ఆ యంత్రం పక్కనున్న కంప్యూటర్‌లో నడుస్తోంది, మన లాప్‌టాప్‌లో ఉన్నది దాని నీడ మాత్రమే. అందువల్ల లైను తెగినప్పుడు కంగారుపడి, తిరిగి కలవగానే స్టాప్ నొక్కకూడదు. లాగ్ విండోలో చివరి పంక్తులు చదివి, పని సాగుతోందని నిర్ధారించుకోండి. ప్రమాదకరమైనది ఒక్కటే: ప్రోగ్రాం మన జవాబు కోసం ప్రశ్న పెట్టె తెరిచి ఆగిపోయినప్పుడు మన లైను లేకపోవడం. అలాంటి ప్రశ్నలు రాకుండా చేసే ఎంపికను ముందే టిక్ చేయాలి, ఆపరేటర్ గారి ఫోను నంబరు చేతిలో ఉండాలి.

గోపాలపురం దగ్గర 2013 అక్టోబరు 12న ఫైలిన్, పలాస దగ్గర 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానులు తీరం దాటిన సంగతి గంజాం, గజపతి జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. అక్టోబరులో స్లాట్ తీసుకోవలసి వస్తే, లక్ష్యాలన్నింటినీ గుర్తించే పనిని మీ బదులు కేంద్రంలోనే ఉన్న తోటి విద్యార్థి పూర్తిచేయగలిగేలా నావిగేటర్ ఫైలును, సెట్టింగుల ఫైలును, మీ మోతాదు లెక్కల కాగితాన్ని ముందే పంపి ఉంచండి.

డేటాను నెట్ ద్వారా తెప్పించుకోవాలన్న ఆశ పెట్టుకోకండి. కే3 చిత్రంలో 2 కోట్ల 35 లక్షలకు పైగా పిక్సెళ్ళు, 40 ఫ్రేములు, పిక్సెల్‌కు ఒక బైటు అనుకుంటే ఒక్క చిత్రమే కుదించకముందు దాదాపు 940 మెగాబైట్లు. రెండు వేల చిత్రాలంటే రెండు టెరాబైట్ల దగ్గరకు వస్తుంది. కుదించాక తగ్గినా, సెకనుకు 20 మెగాబిట్ల లైను మీద ఒక్క టెరాబైటు రావడానికే నాలుగున్నర రోజులు దాటుతుంది. రెండు హార్డ్ డిస్కులు ముందుగా కేంద్రానికి పంపి, వాటిలో రెండింటిలోనూ ఒకే డేటా వేయించి, వేర్వేరు పార్సిళ్ళుగా గానీ వేర్వేరు ప్రయాణికుల చేతిలో గానీ బరంపురం చేర్చుకోవడం నేను పాటించే పద్ధతి.

డిస్కులో ఫ్రేములతో పాటు గెయిన్ రిఫరెన్స్ ఫైలు, డిఫెక్ట్ ఫైలు (కెమెరాలో చెడిన పిక్సెళ్ళ జాబితా), ప్రతి చిత్రానికీ చెందిన ఎమ్‌డాక్ ఫైళ్ళు, నావిగేటర్ ఫైలు, మ్యాపులు, లాగ్ కూడా ఉండాలి. గెయిన్ రిఫరెన్స్ లేని ఫ్రేములతో లెక్కలు సరిగ్గా మొదలుపెట్టలేము, ఎమ్‌డాక్ లేకపోతే ఏ చిత్రం ఏ స్టేజి స్థానంలో, ఏ డీఫోకస్ అడిగి తీసినదో తెలియదు. డిస్కు ఇంటికి చేరగానే కేంద్రంలో తీసిన చెక్‌సమ్ (ఫైలు చెడిందో లేదో చెప్పే సంకేతం) పట్టికతో ప్రతి ఫైలునూ పోల్చండి. అన్నీ సరిపోయాయని మీరు రాసి పంపేవరకు అక్కడి సర్వర్‌లోని అసలు ప్రతిని చెరపవద్దని ఆపరేటర్ గారికి స్లాట్ రోజే చెప్పి ఉంచండి.